పానాలు మాకు, పట్టాలు మీకా?

మోటారు విప్పాలన్నా, వెల్డింగు చెయ్యాలన్నా మీకు మేమే గుర్తొస్తాం. మరి ఆ పనే నేర్పే ఐటిఐల్లో, పాలిటెక్నిక్కుల్లో హాజరుపట్టీ తిరగెయ్యండి. మా పేర్లెన్ని? ‘తురకలకి చదువంటే పడద’ని తేల్చేస్తారు. పదేళ్లకే మమ్మల్ని షెడ్డుకి పంపింది మతం కాదు, ఆకలి. పది పాసవందే పాలిటెక్నిక్కు గేటు తెరుచుకోదు. ఇక పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే పాతికమందిలో ముస్లిం ఒక్కరేనని 2006లో సచార్ కమిటీయే చెప్పింది.

2007లో ఉమ్మడి రాష్ట్రం షేక్, ఖురేషీ, హజామ్, తురక కాశ వంటి వెనకబడిన వాళ్లకి 4 శాతం ఇస్తే, ‘మతానికి రిజర్వేషనా’ అంటూ కోర్టుకెక్కారు. మాంసం కొట్టే కత్తికి, గడ్డం గీసే కత్తికి, రాళ్లు కొట్టే సుత్తికి మతమేమిటి?

మేమడిగేది దయ కాదు, వాటా. పానా పట్టిన చేతికి పట్టా కూడా దక్కాలి.