బండికి చిక్కటి ఆయిలే మంచిదా?

"ఘాట్ రోడ్డు కదా, చిక్కటి ఆయిలే పోయించు" అనే మాట మన ఏజెన్సీలో తరచూ వింటుంటాం. మేం ఒప్పుకోం.

10డబ్ల్యూ-30లో మొదటి అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది. రెండోది ఇంజన్ వేడెక్కాక చిక్కదనం. లంబసింగి చలిలో పొద్దున్నే స్టార్ట్ చేస్తే 20డబ్ల్యూ-50 ఇంజన్ పైదాకా చేరేసరికి ఆలస్యం. ఆ కాసేపూ లోపల అరుగుదలే. మైలేజీ కూడా తగ్గుద్ది.

బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు రాస్తే అదే పోయించండి, పాత బండికి 20డబ్ల్యూ-50 అని ఉంటే అదే. కారు ఆయిల్ వద్దు, క్లచ్ జారొచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ ఉందా చూడండి.

ఇంజన్ బోరుకొస్తే పోయేది ఇంట్లోవాళ్ల కాఫీ పంట డబ్బే. చదువుకున్న మనమే ఆ పుస్తకం తెరవకపోతే ఎలా?