డీజిలు కారుకు ఇంజను ఆయిలు: ధర కాదు, గ్రేడు చూడవలె

సరుకు చూచి ధర కట్టడం మన వర్తకులకు వెన్నతో పెట్టిన విద్య. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీ విప్పి, రంగూ తేమా చూచి రేటు చెప్పగలరు. నిజామాబాదులో పసుపు కొమ్ము విరిచి నాణ్యం తేల్చగలరు. అదే వర్తకుడు తన డీజిలు కారుకు ఇంజను ఆయిలు కొనేటప్పుడు మాత్రం లీటరు ధర ఒక్కటే అడుగుతున్నాడు. లేదా మెకానిక్కు ఏ డ్రమ్ములోనుంచి పోస్తే దానికే తల వూపుతున్నాడు. పాత కార్లకు ఈ పద్ధతి చాలావరకు చెల్లింది. 2020 తరువాతి కార్లకు చెల్లదు.

ఆయిలుకు కంటి పరీక్ష, వేలి పరీక్ష పనికిరావు. జిగట ఎక్కువైతే మంచిదనీ, నల్లబడితే చెడిపోయిందనీ చాలామంది నమ్మకం. డీజిలు ఇంజనులో పోసిన కొత్త ఆయిలు కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని గడ్డకట్టనీయకుండా తనలో కలుపుకొని మోయడం దాని పనే. 1937 చట్టం కింద వ్యవసాయ సరుకులకు అగ్‌మార్క్ ముద్ర ఎట్లాగో, ఆయిలుకు డబ్బా మీది రాత అట్లాగు. ఆ రాతలో చూడవలసినవి రెండు.

మొదటిది చిక్కదనం

5డబ్ల్యు-30, 15డబ్ల్యు-40 అనే అంకెలు చిక్కదనాన్ని చెపుతాయి. 'డబ్ల్యు'కు ముందున్న అంకె చలిలో ఇంజను స్టార్టయ్యేటప్పటి గుణం. వెనుక అంకె 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కొలిచిన చిక్కదనం. రెంటచింతల ఎండలకు చిక్కటి ఆయిలే మేలనే వాదం తరచు వినవస్తున్నది. బయట 45 డిగ్రీలున్నా, 25 డిగ్రీలున్నా, వేడెక్కిన ఇంజనులో ఆయిలు సుమారు 100 డిగ్రీల దగ్గరే పనిచేస్తుంది. ఇంజను వేడిని అదుపులో వుంచే ఏర్పాటు కారులోనే వున్నది. కాబట్టి 30 గ్రేడు అడిగిన ఇంజనుకు ఎండల పేరు చెప్పి 40 పోయడంవల్ల లాభం లేదు. డీజిలు ఖర్చు కొంత పెరగవచ్చును.

రెండవది బూడిద లెక్క

అసలు చిక్కు ఇక్కడ వున్నది. డీజిలులో గంధకం మండితే ఆమ్లం పుడుతుంది. దానిని విరచడానికి ఆయిలులో క్షార గుణంగల మందులు కలుపుతారు. ఆ మందులు కాలితే బూడిద మిగులుతుంది. దేశమంతటా అమ్మే డీజిలులో గంధకం హద్దు 2010లో పది లక్షల పాళ్ళలో 350గా వుండేది. 2017 ఏప్రిల్‌లో 50కి, బి.ఎస్.-6 వచ్చిన 2020 ఏప్రిల్‌లో 10కి తగ్గింది. గంధకం తగ్గినందున మందు తక్కువ వేసినా సరిపోతున్నది.

అదే సమయాన కొత్త డీజిలు కార్ల పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు వచ్చి చేరింది. డి.పి.ఎఫ్. అని మెకానిక్కులు పిలిచేది దీనినే. ఫిల్టరులో చేరిన మసిని కారు తనంతట తానే కాల్చి శుభ్రం చేసుకొంటుంది. బూడిదను కాల్చలేదు. అది అందులోనే పేరుకొని, చివరకు దారి మూసివేస్తుంది.

లారీలకు పోసే సి.ఐ.-4 ఆయిలు బలమైనదే, అయితే అది ఫిల్టరు లేని ఇంజనులకు తయారైనది. 2016లో వచ్చిన సి.కె.-4 రకంలో బూడిద హద్దు 1 శాతం. కార్ల ఫిల్టర్ల కోసం ఐరోపా తయారీదార్లు నిర్ణయించిన సి-2, సి-3 రకాలలో హద్దు 0.8 శాతమే. ఫిల్టరు కారుకు లారీ డ్రమ్ము ఎందుకు తగదో ఈ లెక్కే చెపుతున్నది.

ఇంకొక మోసపోయే చోటున్నది. 5డబ్ల్యు-30 అనే అంకె ఎ-3/బి-4 రకం డబ్బా మీదా వుంటుంది, సి-3 డబ్బా మీదా వుంటుంది. మొదటి దానిలో బూడిద ఎక్కువ. అంకె ఒకటే, సరుకు రెండు. అంకె చెప్పి కొన్నవాడు సగం బేరమే చేసినట్లు. సి-2, సి-3 కూడా ఒకదాని బదులు ఒకటి కావు. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏది వ్రాసివుంటే అదే కొనవలె.

దీని అర్థం ఖరీదైనదే మంచిదని కాదు. ఫిల్టరు లేని పాత కారుకు, పుస్తకం ఒప్పుకొంటే, 15డబ్ల్యు-40 సి.ఐ.-4 ఆయిలు నిక్షేపంలా పనికివస్తుంది. దానికి సి-3 కొనడం దండగ ఖర్చు.

ఇంటినుంచి కొట్టుకు, కొట్టునుంచి ఇంటికి రెండు మూడు కిలోమీటర్లు తిరిగే వర్తకుల కార్లకు మరొక హెచ్చరిక. మసి కాల్చడానికి ఇంజను అదనంగా డీజిలు చిమ్ముతుంది. ఆ పని నడుమ మాటిమాటికి బండి ఆపితే ఆ డీజిలు కొంత దిగి ఆయిలులో కలుస్తుంది. డిప్‌స్టిక్కు మీద మట్టం పై గీత దాటితే సంతోషించవద్దు. ఆయిలు పలచబడినట్లే లెక్క. కిలోమీటర్లు నిండకపోయినా మార్చవలె. అప్పుడప్పుడు హైవే మీద నిలకడ వేగంతో కొంతదూరం నడపడం మంచిది.

ఖర్చు సంగతికి వద్దాము. సరియైన ఆయిలు లీటరుకు 200 రూపాయలు ఎక్కువ అనుకొందాము. 6 లీటర్లకు తేడా 1,200 రూపాయలు. 10,000 కిలోమీటర్ల మీద పంచితే కిలోమీటరుకు 12 పైసలు. ఆ 12 పైసలు మిగుల్చుకొనబోయి ఫిల్టరును పోగొట్టుకొనడం ఏ చిట్టాలోనూ లాభంగా కనబడదు.

ఆయిలు అమ్మే వర్తకులకు కూడా ఇందులో బాధ్యత వున్నది. బిల్లులో 'ఇంజను ఆయిలు 6 లీటర్లు' అని వ్రాసి సరిపెట్టడం మంచిది కాదు. బ్రాండు, చిక్కదనం, రకం, బ్యాచి నంబరు వ్రాసి ఇవ్వవలె. రేపు వారంటీ తగాదా వస్తే కొన్నవానికీ, అమ్మినవానికీ అదే సాక్ష్యం. మిర్చి బిల్లులో రకం వ్రాయకుండా డబ్బు చెల్లించే వర్తకుడు లేడు. తన కారు విషయంలోనూ ఆ పట్టుదలే చూపవలె. మూత సీలు తన ఎదుట తీయించి, రకం వ్రాసిన బిల్లు చేతికి వచ్చిన తరువాతనే డబ్బు ఇవ్వవలె.