ఒక్క అంకె చూసి కీమో ఆపొద్దు, ఒక్క అంకె చూసి ధీమా పడొద్దు



పేట, నందిగామ చుట్టూ ఉన్న తండాల్లో, ఎరుకల, యానాది కాలనీల్లో క్యాన్సర్ మాట ఇప్పటికీ గుసగుసే. కీమోకి విజయవాడో గుంటూరో వెళ్తారు. మధ్యలో చేయించే రక్తపరీక్ష మాత్రం దగ్గర్లోని ల్యాబులోనే. కాగితం మీద ఒక ఎంజైమ్ ఎదురుగా 'ఎక్కువ' అని పడితే చాలు, ఇంట్లో ఏడుపు మొదలు. మాకు తెలిసిన ఒక పెద్దమ్మ "లివర్ పోయిందంట" అన్న మాట నమ్మి ఒక విడత కీమో మానేసింది. డాక్టర్‌ని మాత్రం ఎవరూ అడగలేదు.

మేం చెప్పేదొక్కటే. అంకె నిజమే కావచ్చు, మనం తీసే అర్థం తప్పు కావచ్చు.

తెల్లకణాలు పెరగడానికి ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ ఇస్తారు. దాని తర్వాత ఎల్‌డీహెచ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగొచ్చు. రోగం ఎముకలకు పాకిందని హడలిపోతాం. నిజానికి ఎముక మూలుగ కొత్త కణాల్ని తయారుచేసే పనిలో ఉండి ఉండొచ్చు. తీసిన రక్తంలో కణాలు గొట్టంలోనే పగిలినా ఎల్‌డీహెచ్, ఎస్‌జీఓటీ ఎక్కువ చూపిస్తాయి. మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఇచ్చిన మెథోట్రెక్సేట్ పెద్ద మోతాదులో ఎక్కిస్తే ఎస్‌జీపీటీ కొన్నాళ్లు పెరిగి తగ్గడం మామూలే.

అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. లివర్ నిజంగా దెబ్బతిన్నా ఇవే అంకెలు పెరుగుతాయి. ఏది ఏదో తేల్చాల్సింది కీమో రాసిన డాక్టరే.

ఇంకోటి మన గిరిజనులకు మరీ ముఖ్యం. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం మన దేశంలో చాలా గిరిజన తెగల్లో ఎక్కువ. ఇది ఎక్కువగా మగవాళ్లలో బయటపడుతుంది. రక్తక్యాన్సర్‌లో యూరిక్ యాసిడ్ తగ్గించడానికి వాడే రాస్‌బరికేస్ ఈ లోపం ఉన్నవాళ్లకి ఇస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి, ప్రాణం మీదకి రావచ్చు. అందుకే ముందు పరీక్ష చేస్తారు. కానీ అంతకు ముందే రక్తం ఎక్కించి ఉంటే ఆ పరీక్ష దాత కణాల్ని కూడా కలిపి కొలుస్తుంది. లోపం ఉన్నా 'నార్మల్' అని రావచ్చు. ఎక్కించిన కణాలు పోవడానికి దాదాపు 3 నెలలు పడుతుంది. ఇక్కడ మోసం చేసేది మంచి అంకె.

కాబట్టి చదువుకున్న మనం ఒక పని చేద్దాం. మన ఊళ్లో కీమో తీసుకునే ప్రతి ఒక్కరికీ ఒక నోటుబుక్కు పెడదాం. కీమో తేదీ, ఇంజెక్షన్లు, రక్తం ఎక్కించిన రోజు, మాత్రలు, నాటు మందు కూడా అందులో రాద్దాం. ల్యాబులోనూ డాక్టర్ దగ్గరా అది చూపిద్దాం. ఈ వివరాలన్నీ తెలుగులో రాసిచ్చే చీటీ ఆసుపత్రులే ఇవ్వాలని గట్టిగా అడుగుదాం. అది దయ కాదు, రోగి హక్కు.

మన పెద్దలకి అక్షరాలు రాకపోవచ్చు. మనకి వచ్చు కదా. ఈసారి కీమోకి వాళ్లని ఒంటరిగా బస్సెక్కించొద్దు.