ఇంటి లెక్కలు: దీపమునకు సగటు ధర

తెనాలిలో మే మెఱిగిన తోడికోడండ్రిద్దఱు కలరు. పెద్దామె యింటిపట్టున నుండి సంసారము చక్కబెట్టుకొనుచుండును. చిన్నామె వీథివైపు గదిలో చీరలు, రవికెగుడ్డలు నమ్మెడి చిన్న యంగడి పెట్టుకొన్నది. మొన్న నొకనాడు విద్యుచ్ఛక్తి సగటు ధర యూనిటునకు ఇంత యని పత్రికలో నొక యంకె పడెను. పెద్దామె చూచి, “ఇంతయా? మేము చెల్లించునది యిందులో ముప్పాతిక కూడ కాదే!” యనెను. చిన్నామె చూచి, “ఇంతేనా? నేను దీనికి రెట్టింపు చెల్లించుచున్నానే!” యనెను. ఇద్దఱును తమ బిల్లులు తెచ్చి మా ముందు పెట్టిరి. ఇద్దఱి మాటయు నిజమే; పత్రికలోని యంకెయు నబద్ధము కాదు. ఈ మూడును నొక్కమారే నిజమెట్లగునో యీ నెల విచారింతము.

కందిపప్పు ధర తెలియవలె నన్న నంగడికి బోయి యడిగిన చాలును. కిలో కొన్నను పది కిలోలు కొన్నను ధర యించుమించుగా నొక్కటియే; ఎక్కువ కొన్నవారికి వర్తకుడు కొంత తగ్గించునేకాని పెంచడు. విద్యుచ్ఛక్తి విషయము దీనికి తలక్రిందు. మన రాష్ట్రమున 2022–23 సంవత్సరమునకు విద్యుత్ నియంత్రణ మండలి వెలువరించిన యుత్తరువు ప్రకారము గృహములకు నెలలో మొదటి 30 యూనిట్లకు యూనిటు 1 రూపాయి 90 పైసలు. 31 మొదలు 75 వఱకు 3 రూపాయలు. 76 మొదలు 125 వఱకు నాలుగున్నర. 126 మొదలు 225 వఱకు 6. 226 మొదలు 400 వఱకు 8 రూపాయల 75 పైసలు. ఆపైన 9 రూపాయల 75 పైసలు. ఇది మేడమెట్లవంటిది. ఎంత పై మెట్టెక్కినను క్రింది మెట్ల ధర మాఱదు. పై మెట్టున వాడిన యూనిట్లకే పై ధర.

ఈ లెక్కను నెలకు 100 యూనిట్లు వాడు నింటికి 304 రూపాయల 50 పైసలగును. అనగా యూనిటు సుమారు 3 రూపాయల 5 పైసలు పడినది. 400 యూనిట్లు వాడు నింటికి 2,548 రూపాయల 25 పైసలగును. యూనిటు 6 రూపాయల 37 పైసలు. వాడుక నాలుగు రెట్లయిన సొమ్ము ఎనిమిది రెట్లు మించినది. ఇక నీ రెండిండ్లకును గలిపి “ధర” యేది?

ఇచ్చట సగటు కట్టుటలోని చిక్కు మన పాఠకురాండ్రు బాగుగా గమనింపవలెను. ఒక వీథిలో పది యిండ్లున్న వనుకొందము. తొమ్మిదిండ్లవారు నూఱేసి యూనిట్లును, ఒక యింటివారు 400 యూనిట్లును వాడుచున్నారు. రెండు ధరలను గలిపి రెండుచే భాగించిన 4 రూపాయల 71 పైసలు వచ్చును. ఇంటికొక ధర చొప్పున పదింటిని గూడి పదిచే భాగించిన 3 రూపాయల 38 పైసలు వచ్చును. వీథియంతయు చెల్లించిన 5,288 రూపాయల 75 పైసలను, వాడిన 1,300 యూనిట్లచే భాగించిన 4 రూపాయల 7 పైసలు వచ్చును. ఒక్క వీథికే మూడు సగటులు! మూడును తప్పులేని కూడికలే. మొదటిది తూకము లేని సగటు గనుక దానితో బనిలేదు. రెండవది సామాన్య గృహిణి ధరను జెప్పును. మూడవది పంపిణీ సంస్థ పెట్టెలో బడు సొమ్మును జెప్పును. పత్రికలకెక్కునది తఱచుగా నీ మూడవదియే. కాని యా పదిండ్లలో నే యొక్కరును 4 రూపాయల 7 పైసలు చెల్లించుట లేదని మఱువరాదు.

గణాంకశాఖలవా రీ చిక్కును దాటుటకు రెండు మార్గము లవలంబించిరి. మన దేశమున కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారు మాదిరి బిల్లు పద్ధతి ననుసరింతురు. ఒక కిలోవాటు కనెక్షనుతో నెలకు 100 యూనిట్లు వాడు గృహము, నాలుగు కిలోవాట్లతో 400 యూనిట్లు వాడు గృహము, రెండు కిలోవాట్లతో 300 యూనిట్లు వాడు నంగడి — ఇట్లు కొన్ని మాదిరులను ముందుగా నిర్ణయించుకొని, ఒక్కొక్క రాష్ట్రపు ధరల పట్టికను దీసికొని, ఆ యిల్లు అచ్చట నున్నచో బిల్లెంత యగునో కట్టి, యూనిటుకింత యని ప్రకటింతురు. రాష్ట్రమునకును రాష్ట్రమునకును పోల్చుట కిది మంచి పద్ధతి. కాని యది యూహలోని యిల్లు. అట్టి యిండ్లు నిజముగా నెన్ని యున్నవో యీ యంకె చెప్పదు.

ఐరోపాలో యూరోస్టాట్ అను గణాంకసంస్థవారు వేఱొక త్రోవ త్రొక్కిరి. వారు గృహములను ఏడాది వాడుకనుబట్టి అయిదు తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతివారు నిజముగా చెల్లించిన ధరను విక్రయసంస్థలనుండి రాబట్టి, ఆరు నెలలకొకమారు ప్రకటింతురు. వ్యాపారములకు వేఱు తరగతులు కలవు. వారు సామాన్యముగా బోల్చి చూపు గృహము ఏటికి 2,500 మొదలు 5,000 యూనిట్ల వఱకు వాడునది. మన పెద్దామె వాడుక ఏటికి 1,200 యూనిట్లే గనుక ఆ క్రింది తరగతిలో జేరును. జర్మనీలోని కుమారుడు “ఇచ్చట యూనిటు ఇంత” యని వ్రాసినపుడు, తల్లి తన బిల్లుతో దానిని బోల్చుటకు ముందు ఏ తరగతి ధరయో యడుగవలెను.

యూరోస్టాటువారి పద్ధతిలో మఱియొక మేలు కలదు. ధరను మూడు విధముల జూపుదురు: పన్నులేవియు లేకుండ నొకటి, వ్యాపారులు తిరిగి రాబట్టుకొనగల పన్ను విడిచి యొకటి, అన్నియు గలిపి యొకటి. ఇది యెంత యవసరమో మన తోడికోడండ్ర బిల్లులే చెప్పును. అదే యుత్తరువున అంగడులకు మొదటి 50 యూనిట్లకు 5 రూపాయల 40 పైసలు, తరువాతి 50కి 7 రూపాయల 65 పైసలు, ఆపైన 300 వఱకు 9 రూపాయల 5 పైసలు. చిన్నామె 300 యూనిట్లకు 2,462 రూపాయల 50 పైసలయ్యెను. రెండు కిలోవాట్లకు స్థిరరుసుము 150 రూపాయలు. 2022లో వర్తక పరిశ్రమలకు విద్యుత్సుంకము యూనిటునకు 6 పైసలనుండి 1 రూపాయికి బెంచబడెను గనుక ఆ లెక్కను సుంకము 300 రూపాయలు. ఇతరమైన చిల్లర రుసుములు విడిచినను మొత్తము 2,912 రూపాయల 50 పైసలు. యూనిటు 9 రూపాయల 71 పైసలు. పెద్దామెకో, 100 యూనిట్లపై స్థిరరుసుము 10 రూపాయలు, సుంకము 6 రూపాయలు చేరి యూనిటు 3 రూపాయల 20 పైసలే. సుంకము విడిచిన ధరనే ప్రకటించినచో పెద్దామె విషయమున పోవునది 6 పైసలు. చిన్నామె విషయమున దాగిపోవునది పూర్తిగా నొక రూపాయి. ఒక్క గడపలోపలి రెండు మీటర్ల నడుమ నింత యంతరము కలదు.

మఱి చెల్లించువారు వేఱైనపుడు ధర యేది? రేపల్లె, నిజాంపట్నము ప్రాంతములందు రొయ్యల చెఱువులకు విద్యుత్తు వాడుదురు. 2019లో ప్రభుత్వము వారికి యూనిటు 1 రూపాయి 50 పైసలకే యిచ్చుటకు నిర్ణయించెను. నియంత్రణ మండలి నిర్ణయించిన ధర 3 రూపాయల 85 పైసలు. నడుమ నున్న 2 రూపాయల 35 పైసలను ప్రభుత్వము పంపిణీ సంస్థకు ముందుగా జెల్లింపవలెనని 2003 విద్యుచ్ఛాసనపు 65వ సెక్షను. రైతు ధర యొకటి, సంస్థ ధర యొకటి. 2004 మొదలు వ్యవసాయమునకు ఉచితముగా నిచ్చుచున్న విద్యుత్తును సున్న యని వ్రాసిన రైతు విషయమున నిజము, ఖజానా విషయమున నబద్ధము. కనుక మంచి పట్టికలో రెండు గళ్ళుండవలెను.

కాలపు చిక్కు మఱియొకటి. ఇంధనము, కొనుగోలు వ్యయములు అంచనాకు మించినపుడు ఆ భేదమును తరువాత సర్దుబాటు పేర వసూలు చేయుదురు. 2022–23లో వాడిన విద్యుత్తునకు సంబంధించిన యట్టి భారమును 2024 డిసెంబరు మొదలు బిల్లులలో జేర్చిరి. ఆ సొమ్ము ఏ సంవత్సరపు ధర? వాడిన సంవత్సరమునకు జేర్చిన నాటి పట్టికలన్నియు దిద్దవలసివచ్చును. చెల్లించిన నెలకు జేర్చిన నేడు ధర పెఱిగినట్లు కనబడును. గృహిణి చేతినుండి సొమ్ము ఏ నెల పోయెనో ఆ నెలకు వ్రాసి, పాతబాకి యని వేఱుగా జూపుటయే న్యాయమని మా యభిప్రాయము.

ఇదంతయు మన కేల యని కొందఱనవచ్చును. కార్మికుల వినియోగవస్తువుల ధరల సూచీని కేంద్ర కార్మికశాఖవారి లేబరు బ్యూరో నెలనెల కట్టుచున్నది. 2016ను ఆధారముగా గొన్న శ్రేణిలో దేశమంతట 88 కేంద్రములు కలవు, వానిలో గుంటూరొకటి. ఇంటి కరెంటు బిల్లును ఆ సూచీలో నొక భాగము. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కరవుభత్యము, పింఛనుదారుల కరవు సహాయము ఆ సూచీనిబట్టియే పెఱుగును. బిల్లులోని పెంపు సూచీలో సరిగా జేరనిచో, తెనాలిలో రైల్వే పింఛనుపై బ్రదుకు ముసలామెకు రావలసిన నాలుగు రూపాయలు రాకపోవును. తప్పు సగటుల మూల్యము నిట్టివారే చెల్లింతురు.

చిన్నామె వంటివారి మాట వేఱు. ఆమె సూచీలోని గృహిణి కాదు, పెద్ద పరిశ్రమ కాదు. పెద్ద మిల్లులతో గలిపి “వ్యాపార ధర” యని కట్టిన సగటులో నామె వాడుక సముద్రములో చెంబెడు నీరు. ఆమె కష్టము కనబడవలెనన్న చిన్న యంగళ్ళకు వేఱు గడి యుండి తీరవలెను.

2020 ఏప్రిలు మొదలు తెనాలి, బాపట్ల, రేపల్లెలు విజయవాడ కేంద్రముగా గల మధ్యప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ క్రిందికి వచ్చినవి. పంపిణీ సంస్థలు రాబోవు సంవత్సరపు ఆదాయవ్యయముల అంచనాలను నవంబరు కడపటికి నియంత్రణ మండలికి సమర్పింపవలెను. పిమ్మట మండలి ప్రజల సలహాలను, ఆక్షేపణలను గోరి, బహిరంగ విచారణ జరిపి, ధరలు నిర్ణయించును. వ్రాయుటకు వకీలక్కఱలేదు, స్త్రీయని యడ్డులేదు.

కావున పాఠకురాండ్రకు మా మనవి యిది. చాకలిపద్దు, పాలపద్దు వ్రాయు పుస్తకములోనే యొక పుట దీపమునకు గేటాయింపుడు. రీడింగు దీసిన తేది, యూనిట్లు, యూనిట్లపై సొమ్ము, స్థిరరుసుము, సుంకము, సర్దుబాటు వేఱువేఱుగా వ్రాసికొనుడు. మొత్తమును యూనిట్లచే భాగించి చివర వ్రాయుడు. ఒక యేడు గడచిన పిమ్మట పన్నెండు నెలల సొమ్మును గూడి, పన్నెండు నెలల యూనిట్లచే భాగింపుడు. పన్నెండు సగటులకు సగటు కట్టవలదు. తోడికోడండ్రిద్దఱును ఈ నెలనుండి యొకే పుస్తకములో ఎదురెదురు పుటల వ్రాయుచున్నారు. నవంబరునాటికి రెండు పుటలును నింపి, ఆక్షేపణ కాగితమునకు జతచేయుదుమని మాతో ననిరి.