వినటం వేరు, తెలియటం వేరు

పిల్లలూ!

మా పక్కయింట్లో పద్నాలుగేళ్ళ అమ్మాయి ఉన్నది. బడికి వెళ్ళదు, ఇంట్లోనే చదువుకుంటున్నది. ఓపెన్ స్కూలు ద్వారా పదోతరగతి పరీక్షకు కూర్చుంటుందట. ఒకనాడు మిక్సీ తిరుగుతుండగా వాళ్ళమ్మ వంటింట్లోనుంచి, "కుడివైపు డబ్బా తీసుకురావే!" అన్నది. "గుడికా? ఇప్పుడెందుకమ్మా?" అన్నది అమ్మాయి. అందరూ నవ్వారు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

నేను పాఠాలు చెప్పే రోజుల్లో నా తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. లెక్క బోర్డుమీద వ్రాస్తే ఇట్టే చేసేవాడు. నోటితో చెబితే తెల్లమొహం వేసేవాడు. డాక్టరు చూసి వాడి చెవులు బాగానే ఉన్నాయన్నాడు. అయితే వాడిది పొగరేనని నేను తీర్మానించుకుని, ఎన్నోసార్లు బల్ల ఎక్కించాను.

అది నా తప్పు. చెవి చేసేది సగం పనే. శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలికను మూడు చిన్న ఎముకలు లోపలి చెవికి అందిస్తాయి. అక్కడ నత్తగుల్లలాంటి భాగం దాన్ని సంకేతంగా మార్చి, నాడి ద్వారా మెదడుకు పంపుతుంది. ఏది మాటో, ఏది మోతో, ఏది "క"యో, ఏది "గ"యో విడదీసేది మెదడే. అష్టావధాని గంటలు లెక్కపెడుతూనే పద్యం చెబుతాడు చూడండి, అటువంటి పనిని మన మెదడు చిన్న ఎత్తున నిత్యమూ చేస్తూ ఉంటుంది. ఆ విడదీయటంలో చిక్కు వస్తే, చెవి విన్నా మాట తెలియదు. దీనినే ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అంటారు. ఇది చెవుడు కాదు, తెలివితక్కువా కాదు.

ఈ సంగతి చెప్పినమీదట ఆ అమ్మాయి తండ్రి, "ఎవరో నెలనెలా వేలు కడితే పూర్తిగా నయం చేస్తామంటున్నారు, మాస్టారూ!" అన్నాడు. "ముందు పరీక్ష చేయించు నాయనా!" అన్నాను. సికిందరాబాదులో ఆలీ యావర్ జంగ్ జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రం ఉన్నది. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నది. రెండూ ప్రభుత్వానివే గనక ఖర్చు తక్కువ. మొదట మామూలు వినికిడి పరీక్ష చెయ్యాలి. తరవాత రెండు చెవుల్లో ఒకేసారి వేరువేరు అంకెలు వినిపించి చెప్పమంటారు. మోత మధ్య వాక్యాలు వినిపిస్తారు. చిక్కు ఎక్కడున్నదీ అప్పుడు తెలుస్తుంది.

పరీక్ష చేసిన నిపుణురాలు ఇంట్లో రోజూ పావుగంట సాధన చెయ్యమన్నది. తల్లి నోటికి కాగితం అడ్డం పెట్టుకుని కుడి-గుడి, పాట-బాట, తడి-దడి అనే జంటల్లో ఒక మాట చెబుతుంది. అమ్మాయి విన్నది వ్రాస్తుంది. నాయనమ్మ కథ చదువుతుంది. మొదట నిశ్శబ్దంగా ఉన్న గదిలో, కొన్నాళ్ళకు రేడియో సన్నగా పెట్టి, మరి కొన్నాళ్ళకు కాస్త పెంచి. అమ్మాయి ఆ కథ తిరిగి చెప్పాలి. దీనికి కావలసినవి కాగితమూ, రేడియో, ఓపికా!

పాఠం వేళ మాత్రం మిక్సీ, టీవీ కట్టెయ్యాలి. కిటికీలకు దళసరి తెరలు కడితే గది మారుమోగదు. ఎదురుగా నిలబడి, మొహం కనిపించేటట్టు, ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. ముఖ్యమైనది వ్రాసి ఇవ్వాలి. ఇంటి చదువులో ఈ సౌకర్యం ఉన్నది. కాని నలుగురిలో మాట్లాడటమూ అలవాటు కావాలి గదా! అందుకని సాయంత్రాలు ఆ పిల్ల మా అరుగుమీద నలుగురు పిల్లలతో ఆడుకుంటుంది.

మూడు నెలలైంది. చిక్కు పూర్తిగా పోలేదు. అందరికీ ఒకేలా గుణం కనిపించదు కూడా. అయితే నిన్న నేను ఏదో గొణిగితే ఆ పిల్ల నా ఎదురుగా వచ్చి నిలబడి, "తాతగారూ, తెలియలేదు. ఇంకొకసారి చెప్పండి!" అన్నది. ఆ మాట అడగటానికి ఇదివరకు సిగ్గుపడేది.

పిల్లలూ! మీ స్నేహితుడెవరైనా "ఆఁ? ఏమిటీ?" అని మళ్ళీ మళ్ళీ అడిగితే నవ్వకండి. ఎదురుగా నిలబడి, నెమ్మదిగా ఇంకొకసారి చెప్పండి. నేను బల్ల ఎక్కించిన ఆ కుర్రవాడికి నేనెన్నడూ అలా చెప్పలేదు.