వర్జిల్ పొలం దున్నినదెవరు?

వర్జిల్ ‘జార్జిక్స్’ను శ్రమకు పట్టిన హారతి అనడం పరిపాటి. ఆ మెప్పుతోనే నాకు పేచీ. క్రీ.పూ. 29 ప్రాంతంలో పూర్తయిన ఈ నాలుగు సర్గల కావ్యంలో దుక్కికీ, ద్రాక్షకూ, పశువులకూ, తేనెటీగలకూ చోటుంది. బానిస మాత్రం కనబడీ కనబడడు. అప్పటి ఇటలీలో పెద్ద కమతాలు నడిచిందే వాళ్ళ రెక్కల మీద! క్రీ.పూ. 37 నాటి వర్రో వ్యవసాయ గ్రంథం బానిసలను మాట్లాడే పనిముట్లుగా లెక్కించే పద్ధతిని దాపరికం లేకుండా చెప్పింది. వచనం దాచనిదాన్ని పద్యం దాచింది.

సేద్యం ఎందుకింత కష్టమంటే, మానవుల బుద్ధి పదునెక్కాలని జూపిటరే అలా విధించాడంటాడు కవి. మరి ఆ విధి యజమాని వీపును తాకలేదేం?

కవికి నిలదీయడం చేతకాదా అంటే, అదీ కాదు. అంతర్యుద్ధాల వల్ల పొలాలు బీళ్ళయ్యాయనీ, కొడవళ్ళు కరిగి కత్తులయ్యాయనీ మొదటి సర్గ చివర వాపోయినవాడాయనే. యుద్ధానికి మనుషులను బాధ్యులను చేసిన కవి, వెట్టికి దేవుణ్ణి చేశాడు.

కావ్యాన్ని చదవవద్దనను, నేనూ మళ్ళీ చదువుతాను. అయితే మిత్రులారా, ఆ చెమట ఎవరిదని అడగవలసిన పూచీ పాఠకులది. దాన్నైనా జూపిటర్ మీదికి నెట్టకుందాం.