గుడివాడ నుంచి గోబీ దాకా

గుడివాడ దగ్గర డోకిపర్రు మీకు తెలిసే ఉంటుంది. మేఘా ఇంజనీరింగ్ సంస్థను 1989లో ప్రారంభించిన పి.పి.రెడ్డి సొంతూరు అదే. ఏ పక్క చూసినా కాలవలూ వరిచేలూ ఉండే ఊరు. అక్కడ పుట్టిన మనిషి కంపెనీకి ఎక్కడ పని దొరికిందనుకున్నారు? నీళ్లకు కటకటలాడే గోబీ ఎడారిలో! అక్కడ కడుతున్న చమురు శుద్ధి కర్మాగారం పనుల్లో పెద్ద భాగం మేఘాదే.

దేశం మంగోలియా. ఊరు సైన్‌షాండ్. కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 15 లక్షల టన్నులు. డబ్బు మాత్రం మన దేశానిది. 2015 మేలో ప్రధాని మోదీ అక్కడికి వెళ్లినప్పుడు 100 కోట్ల డాలర్ల రుణం ప్రకటించారు. తర్వాత దాన్ని ఈ రిఫైనరీకి కేటాయించారు. 2025 నాటికి అది 170 కోట్ల డాలర్లకు చేరింది.

అంత అవసరం ఏమొచ్చింది? దాదాపు ఏడు దశాబ్దాలు సోవియట్ నీడలో బతికిన దేశమది. 1990లో రక్తపాతం లేకుండానే ఏకపార్టీ పాలన పోయింది. ఆ వెంటనే మాస్కో సాయమూ ఆగిపోయింది. స్వేచ్ఛయితే వచ్చింది గానీ, పెట్రోలుకు రష్యా వైపు చూడక తప్పలేదు. నేలలో ముడిచమురు ఉంది, శుద్ధి చేసే కర్మాగారం లేదు. ఇంట్లో బియ్యం ఉండి, పొయ్యి లేక పక్కింటి అన్నానికి ఎదురుచూడటం లాంటిదే.

అయితే ఇది దానం కాదు, అప్పు. వడ్డీ తక్కువ, గడువు ఎక్కువ. ఇలాంటి రుణాలకు ఓ షరతుంటుంది. పనులూ, సామగ్రిలో అధిక భాగమూ మన కంపెనీలకే ఇవ్వాలి. అంటే ఇచ్చిన సొమ్ములో చాలావరకు మన దగ్గరికే తిరిగొస్తుంది. బాకీ తీర్చాల్సింది మంగోలియా జనం.

మనమూ ఒకప్పుడు ఇలా చేయి చాచినవాళ్లమే. 1960ల్లో సోవియట్ సాయంతోనే హైదరాబాద్‌లో ఐడీపీఎల్ వెలిసింది. సోవియట్ అప్పులకు బదులుగా మన తేయాకు, పొగాకు ఓడలెక్కాయి. ఆ ఫ్యాక్టరీ తర్వాత ఖాయిలా పడింది. కానీ, అందులో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఫ్యాక్టరీ పోయినా, అది నేర్పిన పనితనం మిగిలింది.

సాయానికి అసలైన కొలత అదే. ఈ ప్రాజెక్టులో 2,500 మందికి పైగా భారతీయ నిపుణులు పనిచేస్తున్నారని 2025 అక్టోబరులో ప్రధాని చెప్పారు. వాళ్ల పక్కన నిలబడి మంగోలియా కుర్రాళ్లు ఎంతమంది పని నేర్చుకుంటున్నారు? మనవాళ్లు విమానం ఎక్కేశాక ఆ కర్మాగారాన్ని వాళ్లే నడుపుకోగలిగితే, మనం చేసింది సాయం. లేదంటే అదీ ఓ కాంట్రాక్టే!